ఇల్లు కాదు, సమాధి!

సంపాదకులు గారికి,

పాత చర్చిల మీద మీరు వేసే వ్యాసాల్లో ఎప్పుడూ పెద్ద పెద్ద కట్టడాలే, చిన్నవాటి గురించి కూడా కాస్త రాయండి. ఉత్తర ఐర్లాండ్‌లో డంగివెన్ దగ్గర బానగర్ పాత చర్చి ఆవరణలో ఒక సమాధి ఉంది, అచ్చం బుల్లి ఇల్లులా, గోడలూ రాయే, బాగా ఏటవాలుగా ఉన్న పైకప్పూ రాయే, పడమటి గోడ మీద ఒక మతగురువు బొమ్మ చెక్కారు. అది సెయింట్ మురేడాక్ ఓహీనీ సమాధి అని నమ్మకం. అక్కడి ఇసుక చల్లితే గుర్రప్పందెంలో గెలుస్తారట (ఇదో సరదా!).

దగ్గర్లోనే బొవేవాలో ఇలాంటిదే ఇంకొకటి ఉంది, పాపం చాలావరకు కూలిపోయింది, కానీ నాకు అదే ఎక్కువ నచ్చింది. ఎందుకంటే దాని తూర్పు చివర చెయ్యి పట్టేంత కంత వదిలారు, భక్తులు లోపలున్న పుణ్యపురుషుడి అవశేషాలను తాకడానికి. కట్టినవాడి బుర్రంతా ఆ కంతలోనే ఉంది. ఫొటోలు వేస్తే ఆ కంత కూడా కనిపించేలా వేయండి.

– ఒక పాఠకుడు