లేసు అల్లికల మహిళా సంఘం: 2024–25 వార్షిక నివేదిక

సర్వసభ్య సమావేశానికి వచ్చిన అధ్యక్షురాలు గారికి, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

మన సంఘం ఎందుకు పెట్టుకున్నామో అందరికీ తెలిసిందే కాబట్టి నేరుగా పనుల్లోకి వస్తాను. ఈ సంవత్సరం కొత్త సభ్యులు చేరారు. వాళ్ళలో ఎక్కువమంది చదువు పూర్తయి ఇంటి దగ్గర ఉన్న అమ్మాయిలు. అమ్మమ్మల దగ్గర సూది పట్టడం నేర్చుకుని మధ్యలో వదిలేసినవాళ్ళు కొందరు, ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నవాళ్ళు కొందరు. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన ఈ పని ఇళ్ళల్లో తల్లి నుంచి కూతురికి వచ్చింది. ఈ తరంతో ఆగిపోతుందేమోనని మనందరికీ బెంగ ఉండేది. మధ్యాహ్నం క్లాసుల్లో కూర్చున్న పిల్లల్ని చూశాక ఆ బెంగ కొంత తగ్గింది. క్లాసులకు తన ఇంటి వరండా ఇచ్చి, ఫ్యాను కరెంటు బిల్లు కూడా అడగని మన ఉపాధ్యక్షురాలు గారికి ముందుగా కృతజ్ఞతలు.

ఈ సంవత్సరం కార్యవర్గం ఎక్కువ సమయం పెట్టింది ధరల మీద. ఒక సభ్యురాలు టేబుల్ రన్నర్, అంటే బల్ల మధ్యలో పొడవుగా పరిచే లేసు, అల్లి 500 రూపాయలకు ఇచ్చారు. లెక్క వేసి చూస్తే దారానికి 210 అయింది, అల్లడానికి 24 గంటలు పట్టింది. మిగిలిన 290 రూపాయలను గంటలతో భాగిస్తే గంటకు పన్నెండు రూపాయలు, అంటే టీ కొట్టులో ఒక టీ ధర. "ఖాళీగా కూర్చునే బదులు ఏదో ఒకటి వస్తుంది కదండీ" అన్నారావిడ. ఆ మాట దాదాపు అందరి నోటా వింటున్నాం. ఖాళీ అనుకునే ఆ సమయంలోనే వంట, పిల్లల చదువు, అత్తమామల మందులు అన్నీ చూసుకుంటూ మధ్యమధ్యలో అల్లుతున్నాం. ఆ గంటలకు విలువ లేదని ముందు మనమే అంటే కొనేవాళ్ళు ఎందుకు కడతారు? ఏజెంట్లు ఇన్నేళ్ళుగా దారం ఇచ్చి కూలి లెక్కన తీసుకోవడంతో మన పనికి మనమే ధర కట్టే అలవాటు పోయింది.

అందుకే జులై సమావేశంలో ఒక పద్ధతి పెట్టుకున్నాం. దారం ఖర్చు, గంటకు 40 రూపాయల చొప్పున కూలి, ఉతుకు, గంజి, ప్యాకింగ్ ఖర్చు కలిపి, ఆ మీద సంఘానికి నూటికి ఐదు. ఆ లెక్కన అదే రన్నర్‌కి 1,260 పెట్టాం. ఎవరూ కొనరని చాలామంది అన్నారు. దసరా ముందు కల్యాణ మండపంలో పెట్టిన మూడు రోజుల ప్రదర్శనలో ఏం జరిగిందో ఇప్పుడు చెబుతాను. ఈ సంఘం పుట్టాక మనం గర్వంగా చెప్పుకోదగ్గ పని అది.

ప్రతి వస్తువుకూ ఒక చిన్న అట్టముక్క కట్టాం. దాని మీద ధర కన్నా ముందు "అల్లడానికి పట్టిన సమయం" అని రాసి గంటలు వేశాం. ఈ ఆలోచన డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న మన సభ్యురాలిది. స్టాల్ మధ్యలో మనందరిలో పెద్దావిడను కుర్చీలో కూర్చోబెట్టాం. ఒళ్ళో తెల్ల గుడ్డ పరుచుకుని, చేతికి చెమట పట్టినప్పుడల్లా తువ్వాలుకి తుడుచుకుంటూ, వచ్చినవాళ్ళతో కబుర్లు చెబుతూ, చేతుల వైపు చూడకుండానే ఆవిడ పువ్వు తర్వాత పువ్వు అల్లుకుంటూ పోయారు. అట్ట మీద ముప్పై గంటలు అని చదివి, ఆవిడ వేళ్ళు చూసినవాళ్ళు ఆ తర్వాత బేరం పెద్దగా ఆడలేదు. షాపుల్లో దొరికే మిషన్ లేసుకీ దీనికీ తేడా ఏమిటని అడిగినవాళ్ళకు రెండూ పక్కపక్కన పెట్టి, కుట్లు ఒకదాని మీదుగా ఒకటి ఎలా లేస్తాయో భూతద్దంలో చూపించాం. రెండో రోజు సాయంత్రానికే గుమ్మం తోరణాలు అయిపోయాయి. 1,260 పెట్టిన రన్నర్ మొదటి రోజే వెళ్ళిపోయింది.

ప్రారంభానికి ఒక అధికారి గారిని పిలిచాం, వస్తామన్నారు. పన్నెండింటి దాకా చూశాం. ఫోన్ ఎత్తలేదు. చివరికి ఆ పెద్దావిడ చేతనే రిబ్బను కట్ చేయించాం. అదే బాగుందని అందరూ అన్నారు. కానీ ఎండలో నిలబడి ఎదురుచూసిన సభ్యుల సమయానికి ఎవరు సమాధానం చెబుతారు?

స్టాల్ డ్యూటీ గురించి కూడా చెప్పాలి. పేర్లు ఇచ్చినవాళ్ళు చాలామంది, మూడు రోజులూ నిలబడినవాళ్ళు అయిదుగురే. పెళ్ళిళ్ళు, జ్వరాలు అందరికీ ఉంటాయి, కాదనను. రాలేనప్పుడు ముందురోజు ఒక మెసేజ్ పెడితే ఇంకొకరిని అడుక్కుంటాం. ఆ అయిదుగురికీ, భోజనాలు క్యారేజీల్లో పంపిన వాళ్ళ ఇంట్లోవాళ్ళకూ సంఘం రుణపడి ఉంది.

ఆ ప్రదర్శన చూసివెళ్ళిన ఒకరి ద్వారా డాలస్‌లో ఉన్న తెలుగు కుటుంబం నుంచి పెళ్ళికి రిటర్న్ గిఫ్ట్‌ల ఆర్డర్ వచ్చింది. పసుపు కుంకుమ పెట్టి ఇచ్చే చిన్న లేసు సంచులు. ఒకే డిజైన్, ఒకే నంబర్ దారం, ఒకే సైజు సూది ఇచ్చి పంచాం. తిరిగి వచ్చాక చూస్తే కొన్ని గుప్పెడంత, కొన్ని అరచేయంత! ఒకరి చెయ్యి బిగువు, ఒకరిది వదులు. పెళ్ళి తేదీ దగ్గర పడుతుంటే ఆ వారమంతా టెన్షనే. బిగువుగా అల్లేవాళ్ళకు ఒక సైజు పెద్ద సూది, వదులుగా అల్లేవాళ్ళకు ఒక సైజు చిన్న సూది ఇచ్చి, సైజు కుదరని సంచులు మళ్ళీ అల్లించాం. ఇకమీదట గుంపుగా చేసే ప్రతి ఆర్డర్‌కూ ముందు ప్రతి ఒక్కరూ రెండంగుళాల నమూనా ముక్క అల్లి ఇవ్వాలి. కొలత సరిపోయాకే దారం ఇస్తాం. ఎర్ర దారం వాడే పనుల్లో ముందు ఒక మూర దారం సబ్బు నీళ్ళలో నానబెట్టి రంగు దిగుతుందేమో చూడడం కూడా తప్పనిసరి చేశాం.

ఆన్‌లైన్ అమ్మకాల సంగతి. సభ్యులు సొంత నంబర్లు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టడం వల్ల రాత్రిళ్ళు అక్కర్లేని మెసేజ్‌లు వస్తున్నాయని ఫిర్యాదులు వచ్చాయి. అందుకని సంఘం పేర ఒకే నంబర్ తీసుకున్నాం, అదే వాడండి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేనివాళ్ళు ఆన్‌లైన్ ప్లాట్‌ఫారాల్లో అమ్మకూడదన్న భయం ఇంకా చాలామందికి ఉంది. 2023 అక్టోబర్ 1 నుంచి టర్నోవర్ (ఏడాది మొత్తం అమ్మకాలు) పరిమితి లోపు ఉన్న చిన్న అమ్మకందారులు జీఎస్టీ పోర్టల్‌లో ఎన్‌రోల్‌మెంట్ నంబర్ తీసుకుని సొంత రాష్ట్రంలోపు అమ్ముకోవచ్చు. చిన్న వ్యాపారాలను కేంద్రం దగ్గర నమోదు చేసుకునే ఉద్యం రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం. నెట్ సెంటర్లో దానికి వందలు కట్టి వచ్చినవాళ్ళున్నారు, దయచేసి ముందు మమ్మల్ని అడగండి.

చేతివృత్తులవాళ్ళ కోసం కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకానికి దరఖాస్తు పెట్టమని పదేపదే అడుగుతున్నారు. 2023 సెప్టెంబర్ 17న మొదలైన ఆ పథకంలో 18 వృత్తులున్నాయి. దర్జీ ఉంది, బొమ్మల తయారీ ఉంది, పూలదండలు కట్టేవాళ్ళున్నారు, లేసు అల్లిక లేదు. చేర్చమని వినతిపత్రం ఇచ్చాం. కేంద్రం ఇచ్చే చేతివృత్తుల గుర్తింపు కార్డు, అదే పహచాన్ కార్డు, కోసం ఆగస్టులో పెట్టిన దరఖాస్తులకు ఇప్పటికీ కదలిక లేదు. వెళ్ళినప్పుడల్లా కొత్త కాగితం అడుగుతున్నారు. ఆ కార్డు ఉంటేనే ప్రభుత్వ బజార్లలో స్టాల్ అడగగలం, అందుకే వదిలిపెట్టే ప్రసక్తి లేదు.

2024లో నరసాపురం లేసుకు జీఐ ట్యాగ్, అంటే ఇది ఈ ప్రాంతపు వస్తువేనన్న భౌగోళిక గుర్తింపు, వచ్చిందని మనమంతా స్వీట్లు పంచుకున్నాం. కానీ ట్యాగ్ వచ్చినంత మాత్రాన మన సంచి మీద ఆ ముద్ర వేసుకోలేం. చెన్నైలోని జీఐ రిజిస్ట్రీలో ఒక్కొక్కరూ అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి. దరఖాస్తు ఫీజు పది రూపాయలే. ఫారాలు నింపడానికి ఒక ఆదివారం పెట్టుకున్నాం, వచ్చినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. మళ్ళీ పెడతాం, ఈసారి ఆధార్ జిరాక్స్ తెచ్చుకుని రండి.

ఒక చేదు మాట. సంఘం నిర్ణయించిన ధరకన్నా తక్కువకు, సంఘం డిజైన్‌నే, సంఘం పరిచయం చేసిన కస్టమర్‌కే విడిగా అమ్మిన సంఘటనలు జరిగాయి. పేర్లు చదవను. మన పక్కనున్న అక్క చేసిన 24 గంటల పనిని మనమే సగానికి దించేస్తున్నామని గుర్తుంచుకోండి.

జమాఖర్చులు కోశాధికారి గారు చదువుతారు. అప్పు లేదు. దారం కోసం ఇచ్చిన అడ్వాన్సులు కొన్ని రావాలి. బిల్లులన్నీ బల్ల మీద ఫైల్లో ఉన్నాయి, చూసుకోవచ్చు.

దారం అరువు ఇచ్చిన షాపు యజమాని గారికి, ఫొటోలు తీసిపెట్టిన సభ్యుల పిల్లలకు, పార్సిళ్ళు ఓపిగ్గా తూచి తీసుకున్న పోస్టాఫీసు సిబ్బందికి, దగ్గర చూపు పరీక్షలు ఉచితంగా చేసిన కంటి డాక్టరు గారికి, ప్రదర్శనకు బల్లలు మోసిన తమ్ముళ్ళకు మనస్ఫూర్తిగా ధన్యవాదాలు.

వచ్చే సంవత్సరానికి గంట కూలిని 40 నుంచి 50 చేయాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. చర్చించి చేతులెత్తండి. చందా బకాయిలున్నవాళ్ళు భోజనాలకు ముందే కోశాధికారి గారిని కలవాలి. స్టాల్ కన్వీనర్ పదవికి ఇంతవరకూ ఒక్క పేరూ రాలేదు, ఆ కాగితం ఇప్పుడు చేతులు మారుతోంది.

ఇట్లు,
కార్యదర్శి