ఉలవచారుకు అరగంట చాలదు

సంపాదకులకు నమస్కారం.

చలి మొదలవగానే పత్రికల ఆదివారం అనుబంధాల్లో ఉలవచారు తప్పకుండా కనిపిస్తుంది. సంతోషమే. కానీ పక్కనే 'తయారీ సమయం: 30 నిమిషాలు' అని వేస్తున్నారు. అది నమ్మి వండినవాళ్లకు దక్కేది పల్చటి ఉలవ నీళ్లు. చిక్కదనం కోసం చివర్లో మొక్కజొన్న పిండి కలపమని అదే పేజీలో సలహా కూడా ఉంటోంది. కృష్ణా, గుంటూరు జిల్లాల రైతుల ఇళ్లలో ఎడ్లకు ఉలవలు ఉడకేసి, ఆ ఉడికిన నీళ్లను, అంటే కట్టును, గంటల తరబడి కాచి తయారుచేసుకున్న చారు ఇది. దాని కొలతలు, సమయాలు సరిగ్గా ఇవ్వమని అడగడానికే ఈ ఉత్తరం.

నలుగురికి పావు కిలో ఉలవలు సరిపోతాయి. ఎర్రవైనా నల్లవైనా పరవాలేదు, నల్లవాటితో రంగు ముదురుగా వస్తుంది. ఉలవల్లో మట్టిబెడ్డలు గింజ సైజులోనే, గింజ రంగులోనే ఉంటాయి. పళ్లెంలో పరిచి ఏరాక నీళ్లలో గాలించాలి కూడా. రెండుసార్లు కడిగిన తర్వాత లీటరున్నర మంచినీళ్లు కొలిచి పోసి నానబెట్టాలి. ఎండాకాలంలో ఎనిమిది గంటలు చాలుతుంది గానీ, డిసెంబరు, జనవరి రాత్రుల్లో నీళ్లు చల్లబడిపోతాయి కాబట్టి పన్నెండు గంటలు పడుతుంది. గోరువెచ్చటి నీళ్లు పోస్తే కొంత మేలు. నానిన నీళ్లు పారబోయకండి. రంగు, రుచి అందులోకి దిగడం అప్పటికే మొదలై ఉంటుంది, వాటితోనే ఉడికించాలి.

చాలామంది 'ఎన్ని విజిల్స్ వచ్చినా ఉలవ మెత్తబడలేదు' అంటారు. దానికి కారణం తరచూ బోరు నీళ్లే. నీళ్లలో సున్నం ఎక్కువగా ఉంటే పప్పుధాన్యాల తొక్క గట్టిపడుతుంది. తాగే నీళ్లు వాడితే ఆ ఇబ్బంది ఉండదు. చింతపండు ముందే వేసినా ఇదే జరుగుతుంది, పులుపు తగిలిన గింజ ఉడకనంటుంది. పాత ఉలవలైతే కొన్ని గింజలు అసలు నానవు. వాటి గురించి బెంగ వద్దు, మనకు కావలసింది కట్టే కదా.

అయిదు లీటర్ల కుక్కర్‌లో ఈ కొలత హాయిగా పడుతుంది. పప్పులు పొంగి నురగ కడతాయి కాబట్టి కుక్కర్‌ను సగానికి మించి నింపకూడదు. నింపితే ఆ నురగ వెళ్లి విజిల్ దారికి అడ్డం పడుతుంది. మొదటి విజిల్ వచ్చాక మంట సిమ్‌లో పెట్టి నలభై అయిదు నిమిషాలు వదిలేయాలి. ఆపిన తర్వాత ఆవిరి దానంతట అది దిగాలి, గరిటెతో విజిల్ ఎత్తకండి. కుండలోనో మందపాటి గిన్నెలోనో వండేవాళ్లకు మూడు గంటలు పడుతుంది, నీళ్లు కూడా మరో లీటరు కావాలి. పక్క పొయ్యి మీద వేణ్నీళ్లు ఉంచుకుని, తగ్గినప్పుడల్లా అవే పోయాలి.

వడకడితే దాదాపు లీటరు కట్టు వస్తుంది. గుప్పెడు ఉడికిన ఉలవల్ని మెత్తగా రుబ్బి అందులో కలపాలి. చిక్కదనానికి ఇది చాలు, వేరే పిండి అక్కర్లేదు. మొక్కజొన్న పిండి కలిపిన చారు వేడిగా ఉన్నంతసేపు బాగానే కనిపించి, చల్లారగానే జిగురులా బిగుసుకుంటుంది. మిగిలిన ఉలవల్ని పోపు పెట్టుకుని గుగ్గిళ్లుగా తినవచ్చు.

ఇక అసలు పని మరగబెట్టడం. లీటరు కట్టు అర లీటరవ్వాలి. అడుగు మందంగా, నోరు వెడల్పుగా ఉన్న గిన్నె తీసుకోండి. చిన్న మంట మీద గంట దాకా పడుతుంది. పెద్ద ముక్కలుగా కోసిన రెండు ఉల్లిపాయలు, చీల్చిన నాలుగు పచ్చిమిరపకాయలు, చిటికెడు పసుపు మొదట్లోనే వేయవచ్చు. నిమ్మకాయంత చింతపండు పులుసు మాత్రం సగం మరిగాక పోయాలి. ఉప్పు ఇంకా ఆలస్యంగా, చివరి పది నిమిషాల్లో. మొదట్లో సరిపడా వేసిన ఉప్పు, చారు సగానికి తగ్గేసరికి రెట్టింపు ఘాటుగా తగులుతుంది. ఉలవచారు ఉప్పుకషాయం అయిందంటే తొంభై పాళ్లు కారణం ఇదే. చెంచాడు కారం, చిన్న బెల్లం ముక్క కూడా అప్పుడే.

మొదటి అరగంట గిన్నెను దాని మానాన వదిలేయవచ్చు. తర్వాత మాత్రం రుబ్బి కలిపిన ముద్ద అడుక్కి దిగుతుంది కాబట్టి అయిదు నిమిషాలకోసారి గరిట అడుగు దాకా తిప్పాలి. అడుగంటితే గోకవద్దు, పైనున్నది కదపకుండా ఇంకో గిన్నెలోకి వంచేస్తే మాడు వాసన పట్టదు. అయిందో లేదో చూడటానికి గరిట ముంచి తీసి, వెనకవైపు వేలితో ఒక గీత గీయండి. రెండు వైపుల నుంచీ చారు జారి గీత కలిసిపోతే ఇంకా మరగాలి. గీత అలాగే నిలబడి, అంచులు నిగనిగలాడుతుంటే అయినట్టే. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, చితక్కొట్టిన ఆరేడు వెల్లుల్లి రెబ్బలు, కరివేపాకుతో పోపు పెట్టి దించేయడమే. మీగడ కంచంలో వేడి అన్నం మీద వేసుకోవాలి. పులుపున్న చారు మరుగుతుండగా గిన్నెలో వేస్తే విరుగుతుంది. మర్నాటికి రుచి ఇంకా బాగుంటుంది. ఫ్రిజ్‌లో నాలుగు రోజులు నిలవ ఉంటుంది, ఏ పూటకు కావలసినంత ఆ పూటకే తీసి వేడిచేసుకోవాలి.

లెక్క వేస్తే కుక్కర్‌తో వండినప్పుడు పొయ్యి మీద రెండు గంటలు, అందులో మనిషి చెయ్యి పడేది ముప్పావు గంట. మిగతా సమయం ఇంటిపట్టున ఉన్నవాళ్లదే. సెలవునాడు చిక్కుడుకాయలకు ఈనెలు తీసుకుంటూనో, పేపరు తిరగేస్తూనో, పిల్లలతో కూర్చునో గడపవచ్చు. వంటింట్లోంచి ఉలవల వాసన వస్తుండగా శాలువా కప్పుకుని కూర్చునే ఆ తీరిక వారమంతా పరుగులు పెట్టేవాళ్లకు ఎంతో అవసరం. '30 నిమిషాలు' అని వేయడంవల్ల ఆ తీరిక కూడా పోతోంది. గ్యాసు ఖర్చు అంటారా, కుక్కర్ వాడి, మరగబెట్టడం చిన్న బర్నర్ మీద చేస్తే భారం తగ్గుతుంది.

ఒక హెచ్చరిక కూడా ఆ వంటల పేజీలో వేయండి. చలికి వంటింటి కిటికీలన్నీ బిగించుకుంటున్నారు. సిమ్‌లో ఉన్న మంట చిన్న గాలికో, పొంగిన చారుకో ఆరిపోతే గ్యాసు గదిలో నిండుతుంది. ఒక కిటికీ ఓరగా తెరిచే ఉంచాలి, మంట వెలుగుతోందో లేదో మధ్యమధ్య చూడాలి. వంట జరుగుతుండగా ఇల్లు వదిలి వెళ్లడం, నిద్రపోవడం అసలు కూడదు. కుండలో వండాలన్న సరదాతో బొగ్గుల కుంపటి ముట్టిస్తే అది పెరట్లోనో, వసారాలోనో ఉండాలి. వంటయ్యాక వెచ్చదనం కోసం ఆ కుంపటిని పడగ్గదిలోకి తెచ్చి తలుపులు వేసుకోవడం ప్రాణాంతకం. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, నిద్రలో ఉన్నవాళ్లకు తెలిసే అవకాశమే లేదు.

కాబట్టి వంటకం ఏదైనా గిన్నె ఎంత పెద్దదో, నీళ్లు ఎన్నో, నానే సమయం, పొయ్యి మీది సమయం, చేతిపని సమయం విడివిడిగా ఎంతో ఇవ్వండి. అరిసెల పాకం, సున్నుండల మినుములు వేయించడం గురించి సంక్రాంతి సంచికలో ఎలాగూ రాస్తారు, అక్కడినుంచే మొదలుపెడితే బాగుంటుంది.

— ఒక పాఠకురాలు, తెనాలి