డిస్నీ వరల్డ్ లైన్లలో పెద్దవాళ్ళని నిలబెట్టకండి

సంపాదకులు గారికి నమస్కారం,

మేము ఫ్లోరిడాలో టాంపా దగ్గర ఉంటాం, డిస్నీ వరల్డ్ ఉన్న ఓర్లాండో ఇక్కడికి కారులో గంటన్నర లోపే, అందుకని మా చుట్టాలు, ఫ్రెండ్స్, వాళ్ళ ఫ్రెండ్స్ తాలూకు అమ్మానాన్నలు ఎవరు ఇండియా నుంచి వచ్చినా డిస్నీ వరల్డ్ ప్లాన్ మా ఇంట్లోనే తయారవుతుంది. ఏప్రిల్ మే వచ్చిందంటే అటు హైదరాబాద్ నుంచి ఇటు విజయవాడ, గుంటూరు నుంచి పెద్దవాళ్ళు పిల్లల దగ్గరికి బయల్దేరతారు, జూన్ జూలైలో మనవలకి సెలవులు కాబట్టి అందరూ కలిసి సరిగ్గా ఎండా, జనం రెండూ ఎక్కువున్నప్పుడే ఓర్లాండో వస్తారు. అరవై డెబ్బై ఏళ్ళ వాళ్ళు, మోకాళ్ళ నొప్పులు, షుగరు ఉన్నవాళ్ళు ఆ ఉక్కపోతలో గంటన్నర లైన్లో నిలబడి మూడు నిమిషాల రైడ్ ఎక్కి దిగి, "బానే ఉందమ్మా" అని మన మొహం చూసి చెప్పడం నేను చాలాసార్లు చూశాను, చూసిన ప్రతిసారీ బాధేస్తుంది, ఎందుకంటే అందులో సగానికి పైగా నిలబడక్కర్లేని నిలబడటం. పిల్లలకి చెప్తే "డిస్నీ యాప్‌లో చూస్కుంటాంలే ఆంటీ" అంటారు. మీ పత్రిక పొద్దున్నే కాఫీతో చదివేది పెద్దవాళ్ళు కాబట్టి నేరుగా వాళ్ళకే చేరుతుందని ఈ ఉత్తరం రాస్తున్నా.

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది పొద్దున గురించి. పార్క్ తెరిచాక మొదటి రెండు గంటల్లో ఎక్కగలిగినన్ని రైడ్లు మధ్యాహ్నం నాలుగు గంటలు తిరిగినా ఎక్కలేం, పదకొండు దాటాక లైన్లు పెరిగిపోయి సాయంత్రం దాకా తగ్గవు. కానీ మనవాళ్ళు హోటల్లో టిఫిన్ చేసి, అందరి స్నానాలూ అయ్యి, ఫోటోలు దిగి, డిస్నీ వరల్డ్‌లోని నాలుగు పార్కుల్లో ఒకటైన మ్యాజిక్ కింగ్‌డమ్ గేటు దగ్గరికి వచ్చేసరికి పదిన్నర. పైగా గూగుల్ మ్యాప్ చూపించే టైం పార్కింగ్ దాకానే, మ్యాజిక్ కింగ్‌డమ్‌కి కారు ఎక్కడో దూరంగా ట్రాన్స్‌పోర్టేషన్ అండ్ టికెట్ సెంటర్ దగ్గర పెట్టి, సెక్యూరిటీ చెక్ అయ్యాక మోనోరైల్ గానీ ఫెర్రీ గానీ ఎక్కి సరస్సు అవతలకి వెళ్తే అప్పుడు గేటు వస్తుంది, దీనికి ఈజీగా ముప్పావు గంట పడుతుంది. తొమ్మిదికి పార్క్ తెరిస్తే ఎనిమిదికల్లా కారు పార్క్ చేసి ఉండాలి. మిగతా మూడు పార్కులకి (ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్, యానిమల్ కింగ్‌డమ్) ఈ గొడవ లేదు, పార్కింగ్ పక్కనే గేటు.

డిస్నీ వాళ్ళ సొంత హోటల్లో దిగినవాళ్ళని రోజూ అరగంట ముందు లోపలికి వదుల్తారు. అరగంటేగా అనుకోకండి, సెవెన్ డ్వార్ఫ్స్ లాంటి రైడ్‌కి ఆ అరగంటే గంట లైన్ తప్పిస్తుంది. హోటల్ ఖరీదే కాదనను, కానీ వాళ్ళ హోటల్స్‌లోనే కాస్త చవకవి ఉన్నాయి, బయట పక్క ఊరు కిస్సిమ్మీలో రూము తీసుకుని రోజూ పార్కింగ్‌కి కట్టేది కూడా కలిపి లెక్కేస్తే తేడా అనుకున్నంత ఉండదు, హోటల్లో దిగితే పార్కుల దగ్గర పార్కింగ్ ఫ్రీ. బయట దిగినవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి, మ్యాజిక్ కింగ్‌డమ్‌లో ఆ ముందు అరగంట తెరిచేది ఫాంటసీలాండ్, టుమారోలాండ్ అనే రెండు భాగాలే, అక్కడ అప్పటికే జనం నిండిపోయి ఉంటారు, మీరు అటు పరిగెత్తకుండా ఎడమవైపు అడ్వెంచర్‌లాండ్‌కి వెళ్ళి జంగిల్ క్రూజ్‌తో మొదలుపెట్టండి, ఖాళీగా దొరుకుతుంది.

ఇక డబ్బు కట్టి లైన్ తప్పించుకోవడం. పదేళ్ళ కింద వచ్చి వెళ్ళినవాళ్ళు "ఫాస్ట్‌పాస్ ఫ్రీయే కదా" అంటుంటారు, అవును 1999లో మొదలైన ఫాస్ట్‌పాస్ ఫ్రీగానే ఉండేది, 2020లో కోవిడ్‌కి పార్కులు మూసినప్పుడు ఆగిపోయింది, 2021 అక్టోబర్ నుంచి డబ్బులు తీసుకునే జీనీ ప్లస్ వచ్చింది, 2024 జూలై నుంచి దాని బదులు లైట్నింగ్ లేన్ (మామూలు లైన్ కాకుండా త్వరగా కదిలే వేరే లైన్) మల్టీ పాస్, సింగిల్ పాస్ అని రెండు పెట్టారు. తిరుమల మూడొందల టికెట్ ఆన్‌లైన్‌లో రిలీజ్ అయ్యేరోజు ఫోన్ పట్టుకుని కూర్చున్న అనుభవం ఉన్నవాళ్ళకి ఇది ఐదు నిమిషాల్లో అర్థమవుతుంది, అదే పద్ధతి, స్లాట్ ఎంచుకోవాలి, మంచి స్లాట్లు మొదట అయిపోతాయి. మల్టీ పాస్‌లో ముందుగానే మూడు రైడ్లకి టైం బుక్ చేస్కోవచ్చు, డిస్నీ హోటల్లో ఉంటే ఏడు రోజుల ముందు, బయట ఉంటే మూడు రోజుల ముందు, ఫ్లోరిడా టైం పొద్దున ఏడింటికి తెరుస్తారు, అంటే ఎండాకాలంలో మనకి ఇండియాలో సాయంత్రం నాలుగున్నర. ఒకటి వాడేశాక ఇంకోటి బుక్ చేస్కోవచ్చు, ఇదే చాలామందికి తెలీక ఆ మూడింటితో ఆపేస్తున్నారు. మొదటి మూడూ పొద్దున పది పదకొండు ప్రాంతంలో పెట్టుకుంటే అవి త్వరగా అయిపోయి తర్వాతవి దొరుకుతాయి, సాయంత్రానికి పెట్టుకుంటే రోజంతా చేతులు కట్టేసినట్టే. ట్రాన్, గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ, రైజ్ ఆఫ్ ది రెసిస్టెన్స్, ఫ్లైట్ ఆఫ్ పాసేజ్ లాంటి పెద్ద రైడ్లకి సింగిల్ పాస్ విడిగా కొనాలి. ధర రోజుని బట్టి, పార్కుని బట్టి మారుతుంది, మూడేళ్ళు దాటిన ప్రతి మనిషికీ కట్టాలి, ఎనిమిదిమంది కుటుంబానికి అది చాలా పెద్ద మొత్తం.

నా అభిప్రాయం అడిగితే, అందరికీ కొనకండి. అమ్మమ్మకి స్పేస్ మౌంటెన్ లాంటి రోలర్ కోస్టర్ ఎందుకు, ఆవిడ ఎలాగూ ఎక్కదు, ఎక్కకూడదు కూడా. ఎక్కేవాళ్ళకి కొనండి, అది కూడా మ్యాజిక్ కింగ్‌డమ్‌కీ, హాలీవుడ్ స్టూడియోస్‌కీ పనికొస్తుంది, యానిమల్ కింగ్‌డమ్‌కి పొద్దున్నే వెళ్తే చాలావరకు అవసరం రాదు.

లైన్ పొడుగు చూసి బెదిరిపోవడం గానీ, పొట్టిగా ఉందని దూరిపోవడం గానీ చెయ్యొద్దు, గంటకి ఎంతమందిని ఎక్కించుకుంటారన్నదే అసలు లెక్క. పీటర్ పాన్ ఫ్లైట్ 1971లో పార్క్ మొదలైన రోజుల నాటిది, ఒక్కో పడవలో ఇద్దరు ముగ్గురే పడతారు, అందుకే అది చిన్నపిల్లల రైడ్ అయినా లైన్ ఎప్పుడూ కదలదు. పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్‌లో ఒక్కో పడవలో బోలెడంతమంది, హాంటెడ్ మ్యాన్షన్‌లో బళ్ళు ఆగకుండా ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి, అక్కడ లైన్ బయటిదాకా వచ్చినా గబగబా నడుస్తుంది. యాప్‌లో ప్రతి రైడ్‌కి ఎంతసేపు పడుతుందో చూపిస్తుంది, దాన్ని నమ్మండి, కంటికి కనిపించే లైన్‌ని కాదు.

అసలు నాకు ఎక్కువ చెప్పాలనిపించేది, కుటుంబం మొత్తం అన్నిచోట్లా కలిసే ఉండాలన్న పట్టుదల గురించి. "ఇంతదూరం వచ్చి విడివిడిగా ఏంటి" అని అందర్నీ ఒకే లైన్లో నిలబెడతారు, పిల్లలకి సరదా, పెద్దవాళ్ళకి శిక్ష. పొద్దున రెండు గంటలు పిల్లలూ వాళ్ళ అమ్మానాన్నలూ పెద్ద రైడ్ల మీద పడండి, తాతగారూ అమ్మమ్మగారూ ఇంకొకరు తోడుగా పదింటికి నింపాదిగా వచ్చినా ఏం పోదు. వాళ్ళకి లైన్ పెద్దగా లేనివి చాలా ఉన్నాయి, మిక్కీస్ ఫిల్‌హార్‌మ్యాజిక్ అని ఏసీ హాల్లో త్రీడీ షో, భాష రాకపోయినా ఇబ్బంది లేదు, టుమారోలాండ్‌లో పీపుల్ మూవర్ అని పైన పట్టాల మీద మెల్లగా టుమారోలాండ్ అంతా చూపిస్తూ తిరిగే బండి, కూర్చుని గాలి పీల్చుకోవచ్చు. ఎప్‌కాట్‌లో లివింగ్ విత్ ది లాండ్ అయితే మన రైతు కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళని తప్పకుండా తీసుకెళ్ళండి, పడవలో కూర్చోబెట్టి గ్రీన్‌హౌస్‌ల మధ్య నుంచి తిప్పుతారు, మట్టి లేకుండా నీళ్ళతో, వేళ్ళు గాల్లో వేలాడుతూ కాసే టమాటాలు, దోసకాయలు, అరటి చెట్లు, చేపల పెంపకం, అక్కడ పండినవి వాళ్ళ హోటళ్ళలోనే వండుతారు. మా బంధువొకాయన తెనాలి దగ్గర పసుపూ అరటీ వేసే మనిషి, మిగతా పార్క్ అంతా మర్యాదకి చూశాడు గానీ ఆ పడవ దిగంగానే ఇంకోసారి ఎక్కుదామన్నాడు. యానిమల్ కింగ్‌డమ్‌లో కిలిమంజారో సఫారీ కూడా పెద్దవాళ్ళకి నచ్చుతుంది, బండి మాత్రం కుదుపుతుంది, నడుం నొప్పి ఉన్నవాళ్ళు చూస్కోండి, పొద్దున్నే వెళ్తే జంతువులు కూడా చురుగ్గా తిరుగుతుంటాయి.

చిన్నపిల్లలున్న వాళ్ళకి రైడర్ స్విచ్ అని ఒకటుంది, పూర్తిగా ఫ్రీ, అయినా మనవాళ్ళలో అడిగేవాళ్ళు తక్కువ. సెవెన్ డ్వార్ఫ్స్‌కి 38 అంగుళాలు, స్పేస్ మౌంటెన్‌కి 44, ట్రాన్‌కి 48 అంగుళాల ఎత్తు ఉండాలి, బుడ్డోడు అంత లేకపోతే లైన్ మొదట్లోనే అక్కడున్న స్టాఫ్‌కి అందరూ కలిసి కనిపించి చెప్పాలి, ఒకళ్ళు బాబుతో బయట ఉంటారు, వెళ్ళినవాళ్ళు దిగి రాగానే బయటున్నవాళ్ళు లైట్నింగ్ లేన్‌లోంచి వెళ్ళొచ్చు. అమ్మమ్మని పిల్లాడితో గంట కూర్చోబెట్టి వెళ్ళడం కంటే ఇది నయం.

వీల్‌చైర్ సంగతి గట్టిగా చెప్పాలి. "వీల్‌చైర్ తీసుకుంటే లైన్ ఉండదు" అని ఒక ట్రావెల్ ఏజెంట్ మా పరిచయస్తులకి చెప్పాడు, వాళ్ళు నిజమనుకుని ఆ ధీమాతో మధ్యాహ్నం బయల్దేరి చాలా కష్టపడ్డారు. అది తప్పు, చాలా రైడ్ల లైన్లు వీల్‌చైర్ పట్టేలాగే కట్టారు, అందరితోపాటే వెళ్ళాలి. డీఏఎస్ (డిజబిలిటీ యాక్సెస్ సర్వీస్), అంటే లైన్లో నిలబడకుండా బయట ఆగి వాళ్ళు చెప్పిన టైంకి వెళ్ళే సౌకర్యం, 2024 నుంచి ఆటిజం లాంటి ఎదుగుదల సమస్యల వల్ల మామూలు లైన్లో ఎక్కువసేపు ఉండలేనివాళ్ళ కోసమని కచ్చితంగా చెప్పేశారు, అబద్ధం చెప్పి తీసుకున్నారని తేలితే మళ్ళీ జన్మలో పార్క్‌లోకి రానివ్వరు. అది నిజంగా అవసరమున్నవాళ్ళ కోసం పెట్టింది, దయచేసి మనవాళ్ళెవరూ ఆ పని చెయ్యొద్దు. కానీ నడవలేనివాళ్ళకి వీల్‌చైర్ తప్పకుండా తీసుకోండి, లైన్ తప్పించడానికి కాదు కాళ్ళు కాపాడుకోవడానికి, రోజుకి పది పన్నెండు కిలోమీటర్ల నడక అక్కడ మామూలు. "నాకెందుకు వీల్‌చైర్, నేను బానే ఉన్నా" అనే నాన్నలకి మరీ మరీ చెప్తున్నా.

తేదీలు మీ చేతిలో ఉంటే క్రిస్మస్ నుంచి న్యూ ఇయర్ దాకా, నవంబర్ ఆఖర్లో థాంక్స్ గివింగ్ వారం, మార్చి ఏప్రిల్ స్ప్రింగ్ బ్రేక్ సెలవులు వదిలెయ్యండి. ఆగస్టు పదో తారీఖు ప్రాంతంలో ఇక్కడ ఫ్లోరిడా స్కూళ్ళు తెరుస్తారు, ఆ తర్వాత నుంచి సెప్టెంబర్ అంతా బాగా పల్చగా ఉంటుంది, కాకపోతే తుఫాన్ల సీజన్, హోటల్ క్యాన్సిల్ చేస్కునే వీలు చూస్కోండి. ఇంకా చిన్న పిల్లలున్నవాళ్ళు, స్కూల్ గొడవ లేనివాళ్ళు జనవరి ఆఖర్లో రండి, ఎండ కూడా ఉండదు.

ఎండాకాలం తప్పదంటే మధ్యాహ్నం వాన కోసం చూడండి. జూన్ నుంచి చాలా రోజులు మూడు నాలుగింటికి ఉరుములతో వాన పడుతుంది, మెరుపులకి బయటి రైడ్లు ఆపేస్తారు, జనం తడిసి హోటళ్ళకి పోతారు, గంట తర్వాత తెరిచినప్పుడు లోపల ఉన్నవాళ్ళకి పండగే. రెయిన్‌కోట్లు ఇంటి దగ్గరే కొనుక్కుని వెళ్ళండి. పెద్దవాళ్ళని మాత్రం ఒంటిగంటకే హోటల్‌కి తీసుకెళ్ళి పడుకోబెట్టి ఐదింటికి మళ్ళీ తీసుకురావడం మంచిది. రాత్రి ఫైర్‌వర్క్స్ అవ్వగానే అందరూ ఒక్కసారి మోనోరైల్ మీద పడతారు, అప్పుడు మీరు కదలొద్దు, గేటు దగ్గరి మెయిన్ స్ట్రీట్‌లో షాపులు ఇంకా తెరిచే ఉంటాయి, అక్కడే ఎక్కడైనా ముప్పావు గంట కూర్చుంటే తోపులాట తగ్గుతుంది. ఓపికున్న కుర్రాళ్ళు ఒక రైడ్‌కి పార్క్ మూసే నిమిషం ముందు లైన్లో చేరినా ఎక్కనిస్తారు.

తిండి లైన్ కూడా లైనే. డిస్నీ వరల్డ్‌లో ఇంటి తిండి తీసుకెళ్ళొచ్చు, గాజు సీసాలు, మద్యం తప్ప అభ్యంతరం పెట్టరు, పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో పెట్టుకెళ్తే పన్నెండింటికి గంటసేపు బర్గర్ లైన్లో నిలబడే పని లేదు, వెజిటేరియన్ ఏదో వెతుక్కునే పనీ లేదు. చల్లటి మంచినీళ్ళు చాలా తిండి కౌంటర్ల దగ్గర అడిగితే ఊరికే ఇస్తారు, సీసా నాలుగైదు డాలర్లు పెట్టి కొనొద్దు. కొనుక్కునే తినాలంటే యాప్‌లో పొద్దున పదింటికే ఆర్డర్ పెట్టి పదకొండింటి స్లాట్ తీసుకోండి.

ఏప్రిల్‌లో విమానం ఎక్కబోయేవాళ్ళు ఇప్పట్నుంచే రోజూ సాయంత్రం షూస్ వేసుకుని నడవడం మొదలుపెట్టండి, చెప్పులతో రావొద్దు. పిల్లలతో ఫోన్లో మాట్లాడేటప్పుడు "నేను ఎంతసేపు నిలబడగలను" అన్నది మొహమాటం లేకుండా ముందే చెప్పెయ్యండి, వాళ్ళు టికెట్లూ పాసులూ బుక్ చెయ్యకముందే.

ఇట్లు,
మీ పాఠకురాలు,
టాంపా, ఫ్లోరిడా