మంత్రి గారూ, ముడి దగ్గర తెగిన నారకీ మార్కులు ఉండాలి

విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారమండీ. నాది గుంటూరు. కాంక్రీటు, ఇనుము బలం టెస్ట్ చేసే ల్యాబ్‌లో పని చేస్తాను. ఈమధ్య ఒక బడివాళ్లు సైన్స్ ఎగ్జిబిషన్‌కి జడ్జిగా రమ్మంటే వెళ్లాను. అక్కడ చూసింది మీకు చెప్పాలనిపించింది. ఇది ఆ ఒక్క బడితో పోయే సంగతి కాదు, పిల్లల ప్రయోగాలకి మనం మార్కులు వేసే పద్ధతే అలా ఉంది.

హాల్లో ఎటు చూసినా థర్మాకోల్ మోడళ్లే. చాలావరకు షాపులో కొన్నవో, ఇంట్లో పెద్దవాళ్లు కూర్చుని చేసిపెట్టినవో. ఒక మూల మాత్రం ఎనిమిదో తరగతి పాప ఒక స్టాండు, కొంచెం అరటినార, ఒక చిన్న బకెట్ పెట్టుకుని నిలబడింది. పూలు కట్టేవాళ్లు నారని తడిపి కడతారు కదా, తడిస్తే దాని బలం పెరుగుతుందా తగ్గుతుందా అన్నది ఆ పిల్ల ప్రశ్న. ఎంత మంచి ప్రశ్నో చూడండి! పత్తి నూలు తడిస్తే బలం పెరుగుతుంది, రేయాన్‌కి తగ్గుతుంది. మరి అరటినార సంగతేంటో చేసి చూస్తేగానీ తెలియదు.

టేబుల్ మీద చార్టులో రంగు పెన్నులతో రెండే అంకెలున్నాయి, పొడినారకి ఒకటి, తడినారకి ఒకటి. ఒక్కోదాన్ని ఎన్నిసార్లు చేశావు, రెండే అంకెలు ఎలా వచ్చాయమ్మా అని అడిగితే, కాసేపు తటపటాయించి కింద సంచిలోంచి రఫ్ నోట్‌బుక్ తీసింది. అసలు ప్రయోగమంతా అందులో ఉంది. ఒకే పట్ట నుంచి చీల్చిన నారలు, అన్నీ ఒకే పొడవు, లావు దాదాపు సమానం. నారని స్టాండుకి ముడేసి, దానికి వేలాడే బకెట్లో నీళ్లు మగ్గుతో మెల్లగా పోస్తూ, తెగగానే బకెట్‌ని వంటింటి కాటా మీద పెట్టి తూచడం. ప్రతి అంకె పక్కనా నార ఎక్కడ తెగిందో రాసుకుంది, "ముడి దగ్గర", "ముడి దగ్గర", "మధ్యలో", మళ్లీ "ముడి దగ్గర". "సార్, ఇది నార బలం కాదు, ముడి బలం" అంది. తర్వాత ముడి మానేసి నారని నున్నటి పైపు చుట్టూ నాలుగైదు చుట్లు తిప్పి కొసని బిగించిందట, అప్పుడు అంకెలు దగ్గరపడ్డాయి. మరి చార్టులో ఇదంతా ఎందుకు పెట్టలేదంటే, అంకెలు కలవకపోతే తప్పు చేశావనుకుంటారు, ఒక్కటే రాయమన్నారని చెప్పింది.

మంత్రి గారూ, మా ల్యాబ్‌లో అంకెలు తేడాగా రావడం రోజూ ఉండేదే. 15 సెంటీమీటర్ల కాంక్రీటు క్యూబులు మూడు పగలగొట్టి సగటు తీస్తాం. ఏ ఒక్కటైనా సగటు కంటే 15 శాతానికి మించి అటూ ఇటూ పోతే ఆ ఫలితం చెల్లదని కాంక్రీటు పనులకి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతుంది. బరువు ఎంత వేగంగా పెంచాలో కూడా నిబంధన ఉంది, నిమిషానికి చదరపు సెంటీమీటరుకి 140 కిలోల చొప్పున. క్యూబు ఎలా పగిలిందో కూడా చూసి రాస్తాం. ఆ పాప ఇలాంటివన్నీ ఎవరూ చెప్పకుండానే చేసింది. పైగా మూడూ అచ్చం ఒకేలా వస్తే మాకు ముందు అనుమానమే వస్తుంది. బడిలో మాత్రం అలాంటిదానికే ఫుల్ మార్కులు.

నాకిచ్చిన మార్కుల షీట్‌లో మోడల్ అందం, చార్టు, వివరించే తీరు, ఫలితం అని కాలమ్స్ ఉన్నాయి. ఏది మార్చారు, ఏది మారకుండా చూసుకున్నారు, ఎన్నిసార్లు చేశారు, కలవని అంకెని ఏం చేశారు అని అడిగే కాలమ్ ఒక్కటీ లేదు. ప్రైజ్ అగ్నిపర్వతం మోడల్‌కి వెళ్లింది. టీచర్లని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, సిలబస్ టెన్షన్‌లో వాళ్లకి ఇచ్చిన షీట్ అదే మరి.

ఎన్‌సీఈఆర్‌టీ ఎనిమిదో తరగతి సైన్స్‌లో దారాలకి బరువులు కట్టి ఏది ఎంత బరువుకి తెగుతుందో చూసే కృత్యం ఉండేది. 2022లో సిలబస్ తగ్గించినప్పుడు ఆ పాఠమే తీసేశారు. దాన్ని మన దగ్గర మళ్లీ పెట్టించండి, నూలు, పురికొస, నైలాన్, అరటినార, ఏ ఊళ్లో ఏది దొరికితే దానితో. పిల్లలు సొంతంగా పరికరాలు చేసి చూడటానికి బడుల్లో కేంద్రం పెట్టించే అటల్ టింకరింగ్ ల్యాబ్‌కి 20 లక్షల వరకు ఇచ్చారు, మంచిదే, కానీ దీనికి ఒక కాటా, బకెట్, కింద ఇసుక తట్ట చాలు. తెగినప్పుడు కళ్లకి తగలకుండా అద్దాలు మాత్రం తప్పనిసరి, బకెట్ కింద కాళ్లు పెట్టనివ్వకూడదు.

మార్కుల షీట్ మార్చడానికి పైసా ఖర్చు లేదు. సగం మార్కులు ప్లాన్‌కీ, రఫ్ నోట్‌బుక్‌కీ ఇవ్వమనండి. ఒక్కో రకానికి కనీసం ఐదుసార్లు చేయించి, వచ్చిన అంకెలన్నీ చార్టులో పెట్టమనండి. వచ్చే సైన్స్ ఎగ్జిబిషన్లు మొదలయ్యేలోపు ఈ ఒక్క సర్క్యులర్ బడులకి చేరేలా చూడండి. జడ్జిలకి గంటసేపు ట్రైనింగ్ కావాలంటే మా ల్యాబ్‌కి పంపండి, క్యూబులు పగలగొట్టి చూపిస్తాను.

ఇట్లు,
గుంటూరు నుంచి ఒక మెటీరియల్ టెస్టింగ్ ఇంజినీరు