హామీదారుకు ఒక్క మెసేజ్ పంపలేరా?

సంపాదకుడు గారికి,

గత వారం అప్పుల ఎగవేత మీద మీరు వేసిన వార్తలో ‘హామీదారులు జాగ్రత్తగా ఉండాలి’ అని ఒక్క ముక్కతో సరిపెట్టారు. జాగ్రత్తపడటానికి మాకు ఎవరేం చెబుతున్నారు?

ఆరేళ్ల కిందట స్నేహితుడి లోన్‌కి షూరిటీ సంతకం పెట్టాను. ‘ఊరికే ఫార్మాలిటీ అండీ’ అన్నారు బ్యాంకులో. పెన్సిల్‌తో టిక్కు పెట్టిన చోటల్లా సంతకం చేయించుకున్నారు. ఒక పేజీ చదవబోతే, వెనక జనం ఉన్నారు, త్వరగా కానివ్వమన్నారు.

మొన్న లాయర్ నోటీసు వచ్చింది. మావాడు పద్నాలుగు వాయిదాలు కట్టలేదట! మొదటిది తప్పినప్పుడే చెబితే వాడింటికెళ్లి కూర్చుని కట్టించేవాణ్ణి. లోన్ కావాలా అని రోజూ ఫోన్లు చేసే బ్యాంకుకి ఈ పద్నాలుగు నెలల్లో నా నంబరు గుర్తుకు రాలేదు.

ముందు మావాణ్ణి అడగండి అంటే, ఇద్దరిలో ఎవరినైనా అడగొచ్చన్నారు బ్యాంకువాళ్లు. అది నిజమే. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో హామీదారుదీ అంతే. అసలూ వడ్డీ అన్నీ. అతని మీద దావా తేలాకే మన దగ్గరికి రావాలనేమీ లేదు. వేరేగా రాసుకోవచ్చు అంటే, నా హామీ ఇంత మొత్తం వరకే అని రాయించుకోవచ్చన్నమాట. ఆ సంగతి ఆ రోజు ఎవరూ చెప్పలేదు. హామీదారు ఒప్పుకోకుండా లోన్ షరతులు మారిస్తే, ఆ తర్వాతి లావాదేవీల బాధ్యత అతనికి ఉండదని 133వ సెక్షన్ అంటోంది. ఆ రక్షణ వదులుకుంటున్నానని అచ్చు కాగితంలో ముందే ఉంది. దాని కిందా నా సంతకమే.

లోనైనా, ఇన్సూరెన్సైనా ఇదే వరస. సంతకం పెట్టేదాకా కుర్చీ వేస్తారు, తర్వాత కౌంటర్ల చుట్టూ తిప్పుతారు. అడిగితే ఆ ఆఫీసరు ట్రాన్స్‌ఫర్ అయ్యారంటారు.

ఇప్పుడు నా క్రెడిట్ స్కోరు పడిపోయింది. మా అమ్మాయి చదువుకి లోన్ దొరుకుతుందో లేదోనని ఇంట్లో అందరికీ టెన్షన్. డబ్బు కట్టేసి, తర్వాత స్నేహితుడి మీద దావా వేసి రాబట్టుకోవచ్చని లాయరు చెబుతున్నారు. వాడి దగ్గర ఉంటే నాకీ నోటీసు ఎందుకొస్తుంది?

హామీ పత్రం తెలుగులో ఇవ్వాలి. వాయిదా తప్పిన వారంలోపు హామీదారుకి మెసేజ్ పంపాలి. ఈ రెండింటినీ రిజర్వు బ్యాంకు తప్పనిసరి చేయాలి. బ్యాంకుకి అయ్యే ఖర్చు ఒక్క మెసేజ్.

– ఒక పాఠకుడు