సంతకానికి ముందే చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

మా పలాస–కాశీబుగ్గలో జీడి పిక్కలు కొనే సీజన్‌లో డబ్బు చాలక కొందరు వ్యాపారులు చుట్టాలనో, రిటైరైనవాళ్లనో స్లీపింగ్ పార్ట్‌నర్లుగా చేర్చుకుంటారు. "మీరు పేరుకే, పనంతా మేం చూసుకుంటాం" అంటారు.

మా వీధిలోని ఒక రిటైర్డ్ టీచరమ్మ అలాగే దగ్గరి బంధువు వ్యాపారంలో పీఎఫ్ డబ్బు పెట్టారు. ఒక్కనాడూ లెక్కల పుస్తకం తెరిచి చూడలేదు. పిక్కల బాకీ తీరక లాయరు నోటీసు ఆవిడ పేరునా వచ్చింది. "నా డబ్బు పోతే పోయింది, వాళ్ల అప్పుతో నాకేం పని?" అని ఆవిడ అడుగుతుంటే మాకు నోట మాట రాలేదు.

1932 నాటి భాగస్వామ్య చట్టం 25వ సెక్షన్ ప్రకారం, భాగస్వామిగా ఉన్న కాలంలో సంస్థ చేసిన అప్పులకు ప్రతి ఒక్కరూ బాధ్యులే. వాటా పావలా వంతే అయినా మొత్తం బాకీ ఆవిడ దగ్గరే రాబట్టుకోవచ్చు. మిగతావాళ్ల నుంచి వసూలు చేసుకోవడం ఆవిడ తిప్పలు. కొట్టు గుమ్మం తొక్కలేదన్న మాట అక్కడ చెల్లదు.

అదే చట్టం 12వ సెక్షన్ లెక్కలు చూసి నకలు తీసుకునే హక్కూ ఇచ్చింది. అడిగితే బంధుత్వం చెడుతుందని మనవాళ్లు అడగరు, ఇదే నా బాధ. 2008 చట్టం కింద ఎల్ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్య సంస్థ) పెట్టుకుంటే సాధారణంగా నష్టం పెట్టుబడితోనే ఆగుతుంది.

ఒప్పందాలు రాసే లేఖరులు, ఆడిటర్లు ఈ నాలుగు ముక్కలూ సంతకానికి ముందే తెలుగులో చదివి వినిపించాలని, మీ పత్రిక కూడా జిల్లా పేజీలో వీటిని వివరంగా వేయాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, కాశీబుగ్గ, శ్రీకాకుళం జిల్లా