‘ఏదో తేడాగా ఉంది’ అనిపిస్తే...

సంపాదకులకు నమస్కారం.

‘మనసు చెప్పిందే వినండి’ అంటూ మీ ఆదివారం అనుబంధంలో ఒకరు రాశారు. మరుసటి వారం ఇంకొకరు ‘మనసును పక్కనపెట్టి లెక్క వేసుకోండి’ అన్నారు. నవజాత శిశువుల వార్డులో ముప్పై ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేసిన నాకు ఇద్దరి మాటా సగమే అనిపించింది.

ఒక నైట్ డ్యూటీలో మూడు రోజుల పాపను చూస్తున్నాను. చార్టులో టెంపరేచర్, పల్స్ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ పాలు రెండు గుక్కలు తాగి ఆగిపోతోంది. గుడ్డ మారుస్తుంటే కాళ్లు ముడుచుకోవాలి కదా, వదిలేసినట్టు పడి ఉన్నాయి. డ్యూటీ డాక్టర్‌ను నిద్ర లేపి ‘ఏదో తేడాగా ఉంది సార్’ అన్నాను. ఏం తేడా అంటే సరిగ్గా చెప్పలేకపోయాను. ఆయన విసుక్కుంటూనే వచ్చి రక్తపరీక్షకు రాశారు. ఇన్‌ఫెక్షన్! జ్వరం తెల్లారాక గానీ రాలేదు.

అదేం దివ్యదృష్టి కాదు. వందల మంది పిల్లల్ని ఎత్తుకున్న చేతులకు అబ్బిన ఆనవాలు. పైగా నా అనుమానం తప్పో ఒప్పో ఒకటి రెండు రోజుల్లో తేలిపోయేది. తప్పయితే పోయేది ఒక్క రక్తపరీక్ష. అలాంటిచోట మనసు మాట వినకపోవడమే తెలివితక్కువతనం.

అదే నేను కొత్త నర్సుల ఇంటర్వ్యూ బోర్డులో కూర్చుంటే? మనిషి గుమ్మం దాటగానే నాకు తెలిసిపోయేది. తెలిసిపోయిందనుకునేదాన్ని. మాట తడబడిందని ఒకమ్మాయిని వద్దన్నాను. మిగతా ఇద్దరూ పట్టుబట్టి తీసుకున్నారు. రెండేళ్లు తిరిగేసరికి, ఎవరికీ నరం దొరకని పిల్లలకు సూది పెట్టాలంటే అందరూ ఆమెనే పిలిచేవారు. నేను వద్దంటే వెళ్లిపోయిన మిగతావాళ్లు ఏమయ్యారో నాకు ఎప్పటికీ తెలియదు. ఇక నా అంచనా దిద్దుకునేదెలా?

2002లో నోబెల్ అందుకున్న మనస్తత్వవేత్త డేనియల్ కానమన్‌కు ఈ చిక్కు 21వ ఏటే ఎదురైంది. 1955లో ఇజ్రాయెల్ సైన్యంలో చేరేవాళ్లను ఇంటర్వ్యూ చేసే పద్ధతి మార్చమని ఆయనకు అప్పగించారు. ఆరు గుణాలకు విడివిడిగా మార్కులు వేయమన్నాడు. ‘మమ్మల్ని మరమనుషుల్ని చేస్తున్నారు’ అని ఇంటర్వ్యూ చేసేవాళ్లు గొడవపడ్డారు. సరే, ఆరూ వేశాక కళ్లు మూసుకుని, ఇతను ఎలాంటి సైనికుడవుతాడో ఊహించుకుని ఒకటి నుంచి అయిదు లోపు ఇంకో మార్కు వేయండన్నాడు. తర్వాత సైనికులుగా వాళ్లు ఎలా పనిచేశారో దాంతో పోల్చి చూస్తే, ఆ చివరి మార్కు కూడా ఆరింటి మొత్తానికి దీటుగా పనిచేసింది. మనసును నోరు మూయించలేదు, వరసలో చివర నిలబెట్టాడంతే.

నిజానికి మా వార్డులో ఇది రోజూ చేసే పనే. 1953లో వర్జీనియా అప్గార్ అనే మత్తుమందు డాక్టరు ప్రచురించిన పద్ధతి ప్రకారం, బిడ్డ పుట్టిన నిమిషానికి గుండె, ఊపిరి, కండరాల బిగువు, స్పందన, రంగు చూసి ఒక్కోదానికి 0, 1, 2 వేస్తాం. పిల్లలకు వేసే మార్కులు పెద్దవాళ్లకు వేయాలని నాకు ఎందుకు తట్టలేదో!

ఉద్యోగంలో చివరి మూడేళ్లూ కాగితం మీద ఆరు గడులు గీసుకునే బోర్డులో కూర్చున్నాను. ఏడోది కళ్లు మూసుకుని వేసేది. అది మిగతా ఆరింటితో పొసగనప్పుడు, అభ్యర్థిని మళ్లీ లోపలికి పిలిచి ఇంకో ప్రశ్న అడిగేదాన్ని.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు